గాజులు లేని చెయ్యి

మల్దకల్,
జూలై నెల, ముసురు పట్టిన వారం.

మా పెరట్లో నీళ్ల గాబు పక్కన కూర్చొని, వేపపుల్లతో పండ్లు తోముకోవడం చేతకాక బాలనాగమ్మ నోట్లో పడ్డ బిడ్డ సింధూజకు, నీ నబీ తాత దువాలు.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని అనుకుంటావు. ఫోనులో మాట్లాడితే మీ అవ్వ వింటుంది. ఆమెకు మాట పోయింది గాని చెవులు పోలేదు, ఇంకా పదునెక్కాయి. ఇది ఆమె వినకూడని సంగతి. అందుకే సైకిల్ షాపుకు వచ్చి, పంక్చర్ చూసే నీళ్ల తొట్టి మీద పలక పెట్టుకొని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు. నేను బడికి పోయింది పంతులుగారి సైకిల్‌కు గాలి కొట్టడానికే. చదువు వచ్చింది చేతులు తుడుచుకునే పాత పేపర్ల నుంచి. అందుకే ఇప్పటికీ నాకు ఏ వార్త అయినా సగమే తెలుసు. మిగతా సగం గ్రీజు కింద ఉండిపోయింది.

ఇప్పుడు చెప్పబోయేదాంట్లో చాలాభాగం నీకు తెలిసిందే. కాని మొదటి నుంచి పట్టుకోకపోతే నాకు కథ నడవదు. ఓపిక పట్టు.

నువ్వు హైదరాబాద్ నుంచి మీ రోబోల కంపెనీ తరఫున మా ఊరికి వచ్చినప్పుడు, విత్తనం కోసం వేసే సీడు పత్తి చేలల్లో పని నీకు చూపించింది, నువ్వు అవ్వా అని పిలుచుకున్న మా ఇంటామె గౌసియాబీయే. సాయంత్రం ఆడపువ్వు రేకులు ఒలిచి పెట్టడం, తెల్లారి మగపువ్వు తెచ్చి, దాని పుప్పొడిని ఆడపువ్వు నడుమ నిలబడిన సన్నటి పుల్లకు అద్దడం. మా వాళ్లు దీన్ని క్రాసింగ్ అంటారు. చేనంతా పువ్వులు, ప్రతి పువ్వుకూ మనిషి చెయ్యి తగలాలి. చేసే చేతులు దొరకడం లేదని మీ కంపెనీ ఆ పనికి రోబో చెయ్యి చేద్దామనుకున్నది. ఆ రోబోకు పని నేర్పడానికి నువ్వు మీ అవ్వ చేతికి తీగల తొడుగు వేసి, నెత్తి మీద కెమెరా కట్టి, ఆ సీజనంతా ఆమె వెనకాల సాళ్లల్లో తిరిగావు. అప్పుడు పక్క సాల్లో ఉన్న బాలనాగమ్మ ఊరుకుంటుందా?

“ఏందే గౌసియాబీ, చెయ్యికి కట్టు కట్టుకొని కూలికొచ్చినవ్, ఎవర్ని కొట్టినవ్?”

“నిన్నే కొడ్త, జర ఆగు. కెమెరా బందు కానీ.”

ఆ మాట కూడా మీ కెమెరాలో ఎక్కడో ఉండే ఉంటుంది. ఇప్పుడు తలచుకుంటే అది ఎంత పెద్ద మాట! అంత పొడుగు మాట ఆమె నోట విని ఎన్నాళ్లయిందో.

ఒకనాడు నువ్వు జొన్నరొట్టె తింటుంటే నేను అడిగాను, ఇంత కష్టపడి కంప్యూటర్లో రాసిందంతా పత్తి పని అయిపోయినంక ఏం చేస్తవు బిడ్డా అని. “పారెయ్యం తాతా. ఒకసారి రాసింది మళ్ల మళ్ల ఎవ్వరు రాస్తరు? ఎత్తి ఇంకోదాంట్ల పెడ్తం,” అన్నావు. “గట్లయితె నాది గూడ సాఫ్ట్‌వేరు కంపెనీయే,” అన్నాను నేను. నిజమే కదా. మా షాపులో పూర్తిగా చచ్చిపోయిన సైకిల్ అంటూ లేదు. దీని చైను దానికి, దాని పెడలు ఇంకోదానికి. ఊళ్లో తిరిగే సైకిళ్లలో ఏది ఎవరిదో దేవుడికీ నాకూ తప్ప తెలియదు. అప్పుడు నవ్వుకున్నాం. మీ అవ్వ కూడా నవ్వింది.

ఆ తర్వాత మీ రోబో వచ్చింది, చేన్లో దిగింది, పనిమంతురాలే అనిపించుకుంది, వాన పడగానే నల్లరేగడిలో చక్రాలు కూరుకుపోయి నిలబడింది. రెండెడ్లను కట్టి గుంజి గట్టున పడేశాం. మీ కంపెనీ పత్తి మానుకుంది. అంతటితో కథ అయిపోయిందనుకున్నాను.

పోయిన చలికాలం మీ అవ్వకు పక్షవాతం కొట్టింది. నువ్వు ఫోనులో ఏడ్చావు కూడా. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒకేసారి పోయాయి. దవాఖానలో చెయ్యి వాచిందని నర్సమ్మ సబ్బు రాసి గాజులు తీసి నా జేబులో పోసింది. కాలు కొంత వచ్చింది. మాట ఒక్కటే ఒక్కటి వచ్చింది, అది ఇది అన్నట్టు “గది” అని. నీళ్లయినా గది, అన్నమైనా గది, నేనైనా గదే. ఇంకో విచిత్రం చెప్తాను. ఇంట్లో మేం మాట్లాడుకునేది పుట్టిన నాటి నుంచీ మా ఉర్దూ. అది మొత్తం పోయి, చేన్లో కూలివాళ్ల మధ్య మాట్లాడిన తెలుగులోంచి ఈ ముక్క ఒకటి మిగిలింది. డాక్టరు ఫొటో తీసి, దెబ్బ తలలో ఎడమ పక్క తగిలింది అన్నాడు. మరి ఈ మాట ఏ మూల దాక్కొని బతికిందో ఆయన ఫొటోలో కనపడలేదు.

అసలు సంగతికి వస్తున్నాను. మొన్న షాపులో గాలి కొట్టించుకోవడానికి వచ్చిన ఒకాయన, చూడు నబీ సాబ్ అని ఫోనులో ఒక వీడియో చూపించాడు. ఎక్కడిదో బిస్కెట్ల ఫ్యాక్టరీ. ఒక ఇనప చెయ్యి బిస్కెట్లు ఎత్తి డబ్బాలో పెడుతున్నది. ఎత్తే ముందు ప్రతిసారీ పైకి లేచి, మణికట్టు ఒక్కసారి విదిలించి, అప్పుడు కిందికి దిగుతున్నది. నా చేతిలోంచి పంపు జారి కింద పడింది.

అది గౌసియాబీ చెయ్యి.

ఆమెకు చేతినిండా గాజులు వేసుకునే అలవాటు కదా. పువ్వు మీదికి చెయ్యి వంచితే గాజులు కిందికి జారి ఆ సన్న పుల్లను విరగ్గొడతాయి. అందుకని ప్రతి పువ్వు ముందూ చెయ్యి పైకెత్తి ఒక విదిలింపు విదిలించేది. గాజులన్నీ గలగలమని మోచేతి వైపు పోయి అక్కడ బిగుసుకునేవి. అప్పుడు దించేది. కూలికి పోయే ఆడవాళ్లంతా గాజులను పైకి నెట్టుకొని గుడ్డపేలిక కట్టుకునేవాళ్లు. ఈమె కట్టుకోదు. చప్పుడు లేకుంటే పొద్దు పోదు అనేది. ఆ ఇనప చేతికి గాజులు లేవు బిడ్డా. అయినా విదిలిస్తున్నది.

ఆ వీడియోను నా ఫోనులో వేయించుకొని ఇంటికి పోయి మీ అవ్వకు చూపించాను. సంతోషపడుతుందనుకున్నాను. చూసింది. గుర్తుపట్టింది, కండ్లలో తెలిసింది. తన కుడి చేతి వంక చూసుకుంది. భుజం కొద్దిగా లేచింది, చెయ్యి లేవలేదు. ఎడమ చేత్తో దాన్ని పట్టి కొంగు కిందికి దోపుకుంది. ఆ రోజు నుంచి ఆ చెయ్యిని బయటికి తీయడం లేదు. వనపర్తి నుంచి కసరత్తు చేయించడానికి వచ్చే జయపాల్ సారు అడిగితే మొహం గోడకు తిప్పుకుంటున్నది. చెయ్యి ఇట్లా మూలకు పెడితే వేళ్లు ముడుచుకుపోతాయి, మళ్లీ తెరుచుకోవు అని ఆయన బెదిరిస్తున్నాడు.

అందుకని నిన్ను ఒకటి అడుగుతున్నాను. మోటార్లున్న తొడుగు ఒకటి ఉంటుందట, చేతికి వేస్తే వేళ్లను అదే కదిలిస్తుందట, జయపాల్ చెప్పాడు. ఆమె చెయ్యి మీ దగ్గర ఉన్నది కదా. పత్తిలోంచి ఎత్తి బిస్కెట్లలో పెట్టారు కదా. అక్కడి నుంచి ఎత్తి మళ్లీ ఆమెలోనే పెట్టలేరా?

జవాబు షాపు అడ్రసుకు రాయి.

ఆశ చావని,
నబీ తాత


మల్దకల్,
ఆగస్టు. మొదటి పువ్వులు పడుతున్నాయి.

సర్కారు మనిషి కంటే పద్ధతిగా జవాబు రాసిన సింధూజకు, తాత దువాలు.

నీ ఉత్తరం అందింది. మొదట చదివినప్పుడు కోపం వచ్చింది, తర్వాత చదివినప్పుడు నీ మీద జాలి వేసింది, ఇప్పుడు రెండూ కలిసి ఉన్నాయి.

నువ్వు రాసినదాన్ని నాకు అర్థమైనట్టు మళ్లీ రాస్తాను, తప్పైతే చెప్పు. మీరు పట్టుకున్నది చెయ్యిని కాదు, చెయ్యి నడిచిన దారిని. ఆ దారిని ఇనప కీళ్లకు తగ్గట్టు మార్చారు. మనిషి కీళ్లకు మళ్లీ తిప్పితే అది ఆమె చెయ్యి కాదు, బలవంతంగా వేస్తే వేళ్లు విరుగుతాయి. తొడుగులు చేసే కంపెనీ వేరు, వాళ్ల పరీక్షలు వేరు. ఒక పనికి రాసింది ఇంకో పనికి పెట్టేటప్పుడు ఎంత జాగ్రత్త కావాలో తెలిసినదానివి కాబట్టే, అవ్వ చేతి మీద ఆ ప్రయోగం చెయ్యనని రాశావు. సరే. ఇది నేను ఒప్పుకుంటాను. ట్రాక్టరు టైరు సైకిల్‌కు వేయమంటే నేను మాత్రం వేస్తానా.

కాని రెండో సంగతి రాశావు చూడు, అది నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. ఆ విదిలింపు ఎందుకున్నదో మీ ఆఫీసులో ఇప్పుడున్న వాళ్లకు తెలియదన్నావు. అప్పుడు నీతో పనిచేసినవాళ్లు వెళ్లిపోయారు, నిన్ను వేరే పనికి మార్చారు. కొత్తగా వచ్చినవాడు ఎవడో, ఇది దండగ కదా అని దాన్ని తీసేశాడట. తీసేయగానే చెయ్యి బిస్కెట్లను పట్టుకోలేక నలగ్గొట్టడం మొదలుపెట్టిందట. ఎందుకంటే ఆ విదిలించే క్షణంలోనే కెమెరా ఇంకోసారి నిదానంగా చూసుకుంటుందట, తర్వాత కట్టిందంతా ఆ క్షణాన్ని నమ్ముకొనే కట్టారట. వాడు భయపడి మళ్లీ పెట్టేసి, పక్కన ‘దీన్ని తీయవద్దు’ అని రాసిపెట్టాడట. ఆ రాత కూడా దాంతో పాటే కాపీ అవుతూ పోతున్నదట.

అంటే గాజులు తగిలి పువ్వు విరగకుండా మీ అవ్వ చూసుకున్న ఆ కాస్త జాగ్రత్త మీద ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. ఇక్కడ ఆమెకు గ్లాసు పట్టించేది నేను.

మధ్యలో ఒక మాట. రామన్న అని మా షాపు వెనక వీధిలో ఉండేవాడు, ఎరుకేనా? నీకు ఎట్లా ఎరుకవుతాడు, నువ్వు పుట్టకముందే పోయాడు. ఆయన సైకిల్‌ను వాళ్లు నాకు అమ్మేశారు. దాని బెల్లు మంచిది, ఇత్తడిది, రెండు గొంతుల బెల్లు. అది తీసి పాలు పోసే అతని సైకిల్‌కు వేశాను. కొన్నాళ్లకు తెలిసింది, పాలతను ఆ వీధి మలుపులో బెల్లు కొట్టగానే రామన్న భార్య తలుపు తీసుకొని వాకిట్లోకి వస్తున్నదని. పాల కోసం కాదు. వాళ్లింట్లో బర్రె ఉన్నది. నేను పోయి, అమ్మా, ఆ బెల్లు తీసి వేరే ఊరి సైకిల్‌కు వేస్తాను అన్నాను. ఆమె ఏమన్నదో తర్వాత ఎప్పుడైనా చెప్తాను. ఇప్పుడు చెప్తే నా వాదన చెడిపోతుంది.

నా వాదన ఇది. ఆమెకు తిరిగి ఇవ్వలేమంటే, మిగతా వాళ్ల దగ్గర కూడా తీసేయండి. బిస్కెట్లు నలిగితే నలగనీ. ఆమె ఆ చెయ్యిని దాచుకుంటున్నది సింధూజా. జయపాల్ నిన్న వచ్చి పోయాడు, చిటికెన వేలు అప్పుడే ముడుచుకున్నదట. నేను చేసింది ఒక్కటే, ఫోను చూపించడం. దాన్ని వెనక్కి తీసుకోలేను. మీరన్నా ఏదో ఒకటి వెనక్కి తీసుకోండి.

ఈసారి దువా కూడా అడుగుతున్నట్టే రాస్తున్న,
నబీ సాబ్


మల్దకల్,
సెప్టెంబరు. క్రాసింగ్ జోరుగా ఉన్నది.

పూణేలో ఎవరి ఫ్యాక్టరీలోనో రోబోలను నిలబెడుతూ, ఇక్కడికి రాలేనని నొచ్చుకుంటున్న మా సింధూజ బిడ్డకు, తాత దువాలు, మీ అవ్వవి కూడా.

తీసేయడం కూడా మీ చేతిలో లేదని రాశావు. అమ్మినవాళ్లు ఇంకొకరికి అమ్మారు, వాళ్లు కాపీ తీసుకొని ఇంకేదో చేసుకున్నారు, ఎన్ని చేతులు విదిలిస్తున్నాయో లెక్క తెలిసినవాళ్లు లేరు. అది చదివినప్పుడు నాకు కోపం రాలేదు. కోపానికి కూడా ఎక్కడో ఒక మనిషి కావాలి కదా. షాపు మూసి ఇంటికి పోయాను.

కాని నువ్వు ఊరుకోలేదు. మా జయపాల్‌కు ఫోను చేసి మాట్లాడావట. పక్షవాతం వచ్చినవాళ్లకు, తాము చేసిన పనినే ఇంకో చెయ్యి చేస్తుండగా ఎదురుగా చూపించే పద్ధతి ఒకటి ఉందని, లాభం ఉంటుందో లేదో చెప్పలేమని ఆయన అన్నాడట. దాంతో నువ్వు ఆఫీసులో మూలన పడి ఉన్న పరీక్షల రోబో చెయ్యి ఒకటి నీ తోటి పనివాడు సాంసన్‌కు ఇప్పించి పంపావు. నువ్వు పక్కన ఉంటే బాగుండేది. లేవు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను, అలంకారాలు లేకుండా. సరే, కొన్ని ఉంటాయి.

సాంసన్ మంచి పిల్లవాడు. అట్టపెట్టెను కర్నూలు బస్సులో ఒళ్లో పెట్టుకొని వచ్చాడట, కండక్టరు దానికి సగం టికెట్టు అడిగాడట. మీ అవ్వ మంచం ముందు పీట వేసి దాని మీద బిగించాడు. అటు పళ్లెంలో పల్లికాయలు, ఇటు ఖాళీ పళ్లెం. జయపాల్ ఒక పక్క, నేను ఒక పక్క. చేన్లోంచి నేరుగా వచ్చిన బాలనాగమ్మ గడపలో నిలబడింది. దాని నోరు నీకు తెలుసు.

“ఓ గౌసియాబీ, నీకు సవతి వచ్చింది సూడే! గీ ముసలోనికి గీ వయసుల ఇనప పెండ్లాం గావాల్నా?”

మీ అవ్వ నవ్వలేదు. మొహం గోడకు తిప్పుకుంది. కుడి చెయ్యి కొంగు కిందే ఉన్నది.

సాంసన్ స్విచ్చు వేశాడు. చెయ్యి లేచింది, విదిలించింది, దిగింది, పల్లికాయ ఎత్తి ఇటు పెట్టింది. మళ్లీ లేచింది, విదిలించింది. గదిలో దాని మోటారు మూలుగు తప్ప చప్పుడు లేదు. నాకు చూడబుద్ధి కాలేదు. గాజులు తీసేసిన మణికట్టు లాగా బోసిగా ఉన్నది అది.

కాసేపటికి మీ అవ్వ మొహం ఇటు తిరిగింది. చూసింది. కనుబొమ్మలు ముడిచింది. “గది,” అన్నది. నేను నీళ్లు ఇచ్చాను. తోసేసింది. “గది, గది,” అని ఇంకా గట్టిగా అన్నది.

“బందు చెయ్యి సాంసన్, పరేషాన్ అయితుంది,” అన్నాను నేను.

“గాదు సాబ్, ఎటో సూపిస్తుంది సూడు,” అన్నది బాలనాగమ్మ.

ఎడమ చెయ్యి గోడలోని గూటి వైపు ఉన్నది. అందులో ఖురాన్ షరీఫ్, మందులు, నా కండ్లద్దాలు. కండ్లద్దాలు ఇచ్చాను. నా మొహాన కొట్టినంత పని చేసింది. చివరికి బాలనాగమ్మే పోయి, వెనకాల ఉన్న చేతిరుమాలు మూట తెచ్చి ఒళ్లో పెట్టింది. దవాఖానలో నా జేబులో పోసిన గాజులు. ఆకుపచ్చవి.

మీ అవ్వ ఎడమ చేత్తో రెండు గాజులు తీసుకొని ముందుకు వంగింది. పడిపోతుందేమోనని జయపాల్ భుజం పట్టుకున్నాడు. సాంసన్ యంత్రాన్ని ఆపి, దాని వేళ్లు దగ్గరికి చేసి, “తొడుగు అవ్వా,” అన్నాడు. తొడిగింది. ఒక్క చేత్తో, దానికి గాజులు ఎక్కించడానికి ఎంత కష్టపడిందో నేను రాయలేను. సాయం చేయబోయిన బాలనాగమ్మ చెయ్యి మీద కొట్టింది.

సాంసన్ మళ్లీ స్విచ్చు వేశాడు. చెయ్యి లేచింది. విదిలించింది. గాజులు గల్లుమని వెనక్కి పోయాయి. అది దిగి పల్లికాయ ఎత్తింది.

మీ అవ్వ తల ఊపి, “గట్ల,” అన్నది.

గట్ల. చలికాలం నుంచి ఇది రెండో మాట బిడ్డా. కొత్తగా క్రాసింగ్‌కు వచ్చిన ఆడపిల్లలకు పని చూపించి, వాళ్లకు చేతకాక, మళ్లీ చూపించి, చివరికి పువ్వు సరిగ్గా అద్దినప్పుడు అనేది ఈ మాటే. బాలనాగమ్మకు కూడా ఒకప్పుడు ఆమే నేర్పింది. బాలనాగమ్మ గడప మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. దాని నోరు మూతపడడం ఈ ఊరు మొదటిసారి చూసింది.

ఆ తర్వాత మీ అవ్వ ఎడమ చేత్తో కుడి చెయ్యిని కొంగు కింది నుంచి తీసి, పీట మీద, ఆ ఇనప చెయ్యి పక్కన పెట్టింది. మేమంతా దాన్నే చూశాం. ఆ చెయ్యి లేస్తున్నది, విదిలిస్తున్నది, మోగుతున్నది. ఈ చెయ్యి ఊరికే పడి ఉన్నది. కదిలిందని రాయాలని ఉంది. నువ్వు సంతోషపడతావు. కాని సాంసన్ వచ్చి నిజం చెప్తాడు. కదలలేదు. జయపాల్ ఒక్కొక్క వేలే తెరిచి కసరత్తు చేయించాడు. ఆమె మొహం తిప్పుకోలేదు. ఇంతే జరిగింది. చిటికెన వేలు మాత్రం ఇక తెరుచుకోదట.

సాయంత్రం సాంసన్ యంత్రాన్ని విప్పి పెట్టెలో పెట్టుకోబోతే గాజుల్లో ఒకటి పగిలి ఉన్నది. అది కొత్త సంగతి కాదు, ప్రతి సీజనులోనూ పగిలేవి. రెండోదాన్ని తీసి ఇవ్వబోయాడు. మీ అవ్వ తీసుకోలేదు. దానితోనే పంపింది. ఆఫీసులో ఎవరూ దాన్ని తీయకుండా చూడు.

రామన్న భార్య సంగతి చెప్తానన్నాను. బెల్లు తీసేస్తానన్నప్పుడు ఆమె, “ఉండనీ సాబ్. ఆయన రాడని నాకు ఎరుకే. బెల్లన్న తిరగనీ,” అన్నది. పోయిన ఉత్తరంలో ఇది రాయడానికి నాకు మనసొప్పలేదు. ఇప్పుడు కూడా పూర్తిగా ఒప్పలేదు. నాకు బెల్లు వద్దు, మనిషి కావాలి. కాని అడగాల్సింది నేను కాదు కదా, మీ అవ్వ. ఆమె ‘గట్ల’ అన్నది. కాబట్టి తీసేయమన్న మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను.

బదులుగా ఒకటి. ఇదైనా మీ చేతిలో ఉంటుందనుకుంటాను. ఆ కుర్రవాడు ‘దీన్ని తీయవద్దు’ అని రాసిపెట్టాడన్నావు కదా, దాని కింద ఇంకో ముక్క రాయి. పాత కాపీలకు అందకపోతే పోనీ, ఇకముందు పోయేవాటితో పోతుంది. చదివినవాడికి తెలుగు రాకపోయినా ఫరవాలేదు, వాడు ఎట్లాగూ ముట్టుకోడు. ఈ మాట మీ అవ్వదే. కొత్త పిల్లలకు మొదటిరోజు చెప్పేది. నేను ఉన్నదున్నట్టు రాస్తున్నాను, నువ్వు కూడా ఒక్క అక్షరం దిద్దకుండా రాయి.

‘గాజులు ఎన్కకు పోనియ్యి. అంతదాంక పువ్వును ముట్టకు.’

మీ అవ్వ పక్కనే మంచం మీద కూర్చొని ఇది రాస్తున్న,
నీ నబీ తాత